డేవీ పతకం: ఆవర్తన నియమ కర్తృత్వ వివాదం

లండన్ రాయల్ సొసైటీ రసాయన శాస్త్రంలో విశిష్ట పరిశోధనకు ఏటా ప్రదానం చేసే డేవీ పతకానికి మూలధనం ఒక విధంగా బొగ్గు గనుల నుండి వచ్చిందే. గనుల్లో పేలుళ్లను నివారించే రక్షక దీపాన్ని రూపొందించినందుకు హంఫ్రీ డేవీకి గని యజమానులు వెండి పాత్రలు బహూకరించారు. ఆయన సోదరుడు జాన్ డేవీ వీలునామా మేరకు అవి సొసైటీకి చేరగా, వాటిని కరిగించి అమ్మిన సొమ్ముతో ఈ పతకం ఏర్పడింది. 1877లో తొలి పతకాన్ని బున్సెన్, కిర్కాఫ్ పంచుకున్నారు.

ఈ పతక చరిత్రలో మిక్కిలి చర్చనీయమైనది ఆవర్తన నియమ ప్రస్తావన. 1882లో మెండలీవ్, లోథర్ మేయర్‌లకు ఉమ్మడిగా పతకం లభించింది. అప్పటికి మెండలీవ్ ముందే ఊహించిన మూలకాల్లో గాలియం, స్కాండియం బయటపడ్డాయి. గాలియాన్ని కనుగొన్న బోబోద్రాన్‌కు 1879లోనే ఈ పతకం దక్కింది. అయినా 1882 నాటి ప్రశంసావాక్యం పరమాణు భారాల ఆవర్తన సంబంధాలనే పేర్కొన్నది. జోస్యాల ఊసు అందులో లేదు. శాస్త్రజ్ఞులను ఒప్పించినవి జోస్యాలేనని పాట్రిక్ మాహర్ ఈ పతకాన్నే ఉదాహరణగా చూపగా, ఎరిక్ షెర్రీ, జాన్ వొరాల్ ఆ మౌనాన్నే ఎత్తిచూపి ఖండించారు. అటువంటి జోస్యాలకు పేరుపడని మేయర్‌కు సమాన భాగం దక్కడం రెండవ వాదానికే బలమిస్తున్నది.

ఇక జాన్ న్యూలాండ్స్ మాట. పరమాణు భారాల క్రమంలో పేరిస్తే ప్రతి ఎనిమిదవ మూలకం మొదటిదాన్ని పోలి ఉంటుందని ఆయన 1865లోనే ప్రతిపాదించాడు. 1866లో కెమికల్ సొసైటీ సమావేశంలో ఆ విషయం వివరించినపుడు, మూలకాలను అక్షరక్రమంలో అమర్చి చూశారా అని జార్జ్ కేరీ ఫోస్టర్ ప్రశ్నించాడు. ఆ ఎగతాళి తరచు ఉటంకింపబడుతుంది గాని, వ్యాసాన్ని ఆ సంస్థ ప్రచురించకపోవడమే అసలు నష్టం. తనకు రావలసిన ఖ్యాతి ఇతరులకు దక్కిందని భావించిన న్యూలాండ్స్ 1884లో తన పాత వ్యాసాలను గ్రంథంగా వెలువరించాడు. 1887లో రాయల్ సొసైటీ ఆయనకు కూడా డేవీ పతకమిచ్చింది, ఈసారి ఆవర్తన నియమాన్ని కనుగొన్నందుకని స్పష్టంగా పేర్కొంటూ. ఒకే ఆవిష్కరణను ఐదేళ్ల వ్యవధిలో రెండుసార్లు గుర్తించిన ఆ సంస్థ, 1882 నాటి నిర్ణయాన్ని మాత్రం మార్చలేదు.