మారుతి జిప్సీ

మారుతి జిప్సీ భారతదేశములో 1985 నుండి 2019 వరకు తయారైన చిన్న జీపు తరహా వాహనము. జపానుకు చెందిన సుజుకి సంస్థ 1981లో తెచ్చిన రెండవ తరం జిమ్నీని కొంత పొడిగించి దీనిని రూపొందించారు. మొదట 970 సీసీ పెట్రోలు ఇంజను ఉండేది; 1996లో 1.3 లీటర్ల ఇంజను వచ్చింది. సాధారణ కొనుగోలుదారులకంటే సైన్యము, పోలీసు శాఖలే దీనిని ఎక్కువగా వాడాయి.

నాలుగు చక్రాల చోదనము

మామూలు రోడ్డుపై ఇంజను శక్తి వెనుక చక్రాలకే అందుతుంది. ట్రాన్స్‌ఫర్ కేసు అనే గేర్ల పెట్టెను ప్రత్యేక లీవరుతో మార్చినప్పుడు ముందు ఇరుసుకు కూడా చేరుతుంది. ఇందులోని 'లో' గేరు వేగాన్ని తగ్గించి చక్రాలను తిప్పే బలాన్ని పెంచుతుంది. నిటారు ఎక్కుళ్ళకు, లోతైన బురదకు ఇది అవసరము.

అయితే రెండు ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ లేదు. మలుపులో ముందు చక్రాలు వెనుకవాటికంటే ఎక్కువ దూరము తిరగాలి, కాని ట్రాన్స్‌ఫర్ కేసు రెండు ఇరుసులనూ ఒకే వేగముతో తిప్పుతుంది. బురదలోనో ఇసుకలోనో చక్రాలు కొద్దిగా జారి ఈ తేడాను సర్దుకుంటాయి. పొడి తారు రోడ్డుపై జారే వీలు లేక ఒత్తిడి అంతా షాఫ్టులపై, గేర్లపై పడుతుంది. స్టీరింగు బిగుసుకుంటుంది, టైర్లు త్వరగా అరుగుతాయి. అందుచేత పొడి రోడ్డుపైకి రాగానే లీవరును తిరిగి రెండు చక్రాల స్థానానికి మార్చాలి.

నాలుగు చక్రాల చోదనము అన్న పేరు కూడా కొంత అతిశయోక్తే. ప్రతి ఇరుసులోను సాధారణ డిఫరెన్షియలే ఉన్నందున, ముందొక చక్రము, వెనుకొక చక్రము గాలిలోకి లేస్తే శక్తి వాటికే పోయి అవి ఊరికే తిరుగుతాయి, బండి కదలదు.