చెరువు కట్టకు కాపలా ఎవరు?

తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఏడాది పొడవునా పారే పెద్ద నది లేదు. స్వర్ణముఖి, బాహుదా, పింఛ, కౌండిన్య వంటి ఏర్లు వాన పడ్డప్పుడు పొంగుతాయి, తక్కిన రోజుల్లో ఇసుక మేటలై మిగిలిపోతాయి. అందుకే ఇక్కడి సేద్యం చెరువుల మీద నిలబడింది. రెండు గుట్టల నడుమ, లేదా పల్లపు నేలకు అడ్డంగా మట్టి కట్ట పోసి వాన నీటిని ఆపడం ఈ సీమలో తరతరాల పని. అలా పోసిన ప్రతి కట్టా, ఎంత చిన్నదైనా, ఒక ఆనకట్టే. దాని వెనుక నీరుంటుంది, దాని కింద ఊరుంటుంది. ఆ కట్ట బాగోగులు చూసే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు ఒక్కో కాలం ఒక్కో జవాబు చెప్పింది.

కట్ట నిర్మాణం

చెరువుకు ప్రధానమైనవి మూడు: కట్ట, తూము, మొరవ. తూము ఆయకట్టుకు నీళ్లు వదులుతుంది. చెరువు నిండాక మిగులు నీరు మొరవ మీదుగా బయటికి పోతుంది. మొరవ ఎత్తు కట్ట ఎత్తు కంటే ఎప్పుడూ తక్కువగా ఉండాలి. రాతి ఆనకట్ట మీదుగా నీరు దొర్లినా అది కొంతసేపు తట్టుకోగలదు గాని, మట్టి కట్టకు ఆ శక్తి లేదు. నీరు కట్ట నెత్తినెక్కితే వెనుక వాలు కోసుకుపోతుంది, కొద్ది గంటల్లో గండి పడుతుంది. మొరవలో పూడిక చేరినా, చెరువులో మరికొన్ని నీళ్లు నిలుస్తాయని ఎవరైనా మొరవకు అడ్డుకట్ట వేసినా ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

రెండో ప్రమాదం కట్ట లోపల పుడుతుంది. కట్ట మట్టిలోంచి కొంత నీరు ఊరడం సహజం. కట్ట వెనుక పాదం దగ్గర తేట నీరు సన్నగా ఊరుతుంటే భయం లేదు. ఆ ఊట మట్టి రంగుకు తిరిగిందంటే మాత్రం నీటితోపాటు కట్ట మట్టి కూడా కొట్టుకుపోతోందన్నమాట. ఎలుక బొరియలు, ఎండ్రకాయ బొక్కలు, చచ్చి కుళ్లిన చెట్ల వేళ్లు విడిచిన సందులు ఇలాంటి ఊటకు దారులవుతాయి. తూము చుట్టూ ఉన్న మట్టి పట్టు సడలినా అంతే. ఊట నోటిని మట్టితో గట్టిగా మూసేస్తే నీరు మరోచోట పొడుచుకొస్తుంది. దాని మీద ముందు ఇసుక, తర్వాత సన్న కంకర, ఆపై పెద్ద కంకర పరిచి, చుట్టూ ఇసుక బస్తాలు పేర్చాలి. అప్పుడు నీరు బయటికి వస్తుంది, మట్టి లోపలే ఆగుతుంది. అయితే ఇది చేయాలంటే ఎవరో ఒకరు ఊటను వేళకు చూసి ఉండాలి.

శాసనాలు, దశబంధాలు

కట్ట బాగోగుల గురించి ఈ సీమ ఎంత లోతుగా ఆలోచించిందో కడప జిల్లా పోరుమామిళ్ల శాసనం చెబుతుంది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో అక్కడ చెరువు తవ్వించి వేయించిన సంస్కృత శాసనమది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలను, ఉండకూడని ఆరు దోషాలను అది వరుసగా లెక్కపెట్టింది. జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, రాతితో బిగించిన కట్ట లక్షణాల్లో ఉన్నాయి. దోషాల్లో కట్టలోంచి నీరు కారడం ఒకటి. చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండటం కూడా దోషాలే. సరిహద్దు చెరువుకు బాధ్యుడెవరో తేలదు కాబట్టి ఆ మాటను కట్ట భద్రత నియమంగానే చదువుకోవచ్చు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేస్తే ఆ చెరువు పూర్తయిందని కూడా శాసనం చెబుతుంది.

తిరుపతి చుట్టుపక్కల ఈ పనిలో తిరుమల గుడికి పెద్ద చేయి ఉండేది. విజయనగర కాలంలో భక్తులు స్వామికి సమర్పించిన సొమ్ములో కొంత దేవస్థానం గ్రామాల్లో చెరువులు, కాలువల తవ్వకానికి వెళ్లేది. దానివల్ల పెరిగిన పంటలోంచి దాత పేరిట నైవేద్యం జరిగేది. నైవేద్యం ఆగకూడదంటే పంట పండాలి, పంట పండాలంటే కట్ట నిలవాలి. అలా మరమ్మతు పని నిత్యపూజతో ముడిపడింది.

ఊళ్లలో ఈ ముడిని దశబంధం వేసింది. చెరువు తవ్వించినవారికి, దాన్ని చెడకుండా చూసుకునే షరతు మీద, చెరువు కింది భూమిలో కొంత పన్ను లేకుండా లేదా తక్కువ పన్నుతో ఇచ్చేవారు. ఇలాంటి ఇనాములు మదనపల్లె, వాయల్పాడు వైపు ఎక్కువ. వారికి తోడు ఊరి నీరుగంటి ఉండేవాడు. తూము తెరిచి మూయడం, మడి మడికీ నీరు పంచడం, వానల్లో రాత్రిపూట కట్ట మీద తిరగడం అతని పని. పంట కల్లంలో అతనికి వాటాగా మేర కొలిచేవారు. కట్టకు ఏమైనా అయితే ముందుగా అడగాల్సిన మనిషి ఎవరో ఊరందరికీ తెలుసు.

కంపెనీ నుంచి ప్రభుత్వం దాకా

కంపెనీ పాలన వచ్చాక భూమి శిస్తు సర్కారుకు చేరింది గాని, మరమ్మతు ఖర్చు ఆ వేగంతో తిరిగి చెరువుకు రాలేదు. మద్రాసు పబ్లిక్ వర్క్స్ కమిషన్ 1852 నివేదికలో చెరువుల దుస్థితి బయటపడింది. 1858లో వచ్చిన నిర్బంధ శ్రమ చట్టం, కట్ట తెగే ప్రమాదం వచ్చినప్పుడు ఊరివారిని పనికి పిలిచే అధికారం ఇచ్చింది. ఏటా ఊరంతా కలిసి చేసే కుడిమరామత్తుకు రాని వారి నుంచి డబ్బు వసూలు చేయమంది. అలవాటుగా సాగిన ఉమ్మడి పనిని చట్టం జరిమానాగా మార్చినా, పాత పట్టు తిరిగి రాలేదు.

1883లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం చేసిన మేలు వేరు. సర్వే బృందాలు ఊరూరా తిరిగి, ఒక్కో చెరువు కట్ట పొడవు, ఎత్తు, వెడల్పు, మొరవ మట్టం, తూముల కొలతలు రాసి మెమాయిర్లు తయారుచేశాయి. కట్ట ఎంత ఉండాలో కాగితం మీద నిలవడం వల్ల ఎంత కుంగిందో తేల్చే వీలు కలిగింది.

ఒకదాని మిగులు నీరు మరోదానికి చేరే గొలుసుకట్టు చెరువుల్లో ఒక్క కట్ట నిర్లక్ష్యం ఎంత దూరం పోతుందో 1903 నవంబరు చూపించింది. మైసూరు సంస్థానంలో పాలార్ మీది చెరువులు ఒకదాని వెంట ఒకటి తెగి, ఆ నీరంతా వాణియంబాడి పట్టణం మీద పడింది. 200 మందికి పైగా చనిపోయారు. ఆ పాలార్ నేటి కుప్పం ప్రాంతం మీదుగానే తమిళనాడులోకి దిగుతుంది.

స్వాతంత్ర్యం తర్వాత జమీందారీలు పోయాయి. 1956 చట్టంతో ఇనాములు రద్దయ్యాయి. 1984లో కరణం, మునసబు పదవులూ పోయాయి. భూమి హక్కుల విషయంలో ఇవి అవసరమైన మార్పులే. అయితే ఇనాముతోపాటు చెరువును చూసుకునే షరతు కూడా పోయింది, దాని స్థానంలో అంతటి కచ్చితమైన బాధ్యత రాలేదు. 100 ఎకరాల లోపు ఆయకట్టున్న చెరువులు చాలాకాలం పంచాయతీరాజ్ చేతిలో, అంతకు మించినవి నీటిపారుదల శాఖ చేతిలో ఉన్నాయి. 1997 చట్టం నీటి వినియోగదారుల సంఘాలను తెచ్చింది. ఈలోగా బోరుబావులు పెరిగి, రైతుకు చెరువు మీద ఆధారం తగ్గింది. కట్టల మీద కంపచెట్లు మొలిచాయి, వాగుల దారుల్లో ఇళ్లు లేచాయి.

2021 నవంబరు

2021 నవంబరు 19న వాయుగుండం తమిళనాడు ఉత్తర తీరం దాటినప్పుడు తిరుపతి కొండల మీద, చిత్తూరు మెట్ట నేలల మీద కుండపోతగా కురిసింది. చిత్తూరు ఎగువ నుంచి దిగే బాహుదా, పింఛ కలిసి చెయ్యేరుగా మారి కడప జిల్లాలోకి పోతాయి. ఆ ఉదయం స్పిల్‌వే మోయలేనంత వరద రావడంతో రాజంపేట దగ్గరి అన్నమయ్య ప్రాజెక్టు మట్టి కట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి వంటి దిగువ గ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి.

ఆ వెంటనే తిరుపతి దగ్గర రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు ఊట పడింది. విజయనగర కాలం నాటిదని, శ్రీకృష్ణదేవరాయలే కట్టించాడని జనం చెప్పుకునే చెరువిది. అధికారులు దిగువ గ్రామాలను ఖాళీ చేయించారు, ఇసుక బస్తాలతో, మట్టితో ఊటను అదుపులోకి తెచ్చారు. కట్ట నిలిచింది. ప్రమాదాన్ని ముందుగా చూడటం, చూసిన వెంటనే ఊళ్లకు చెప్పడం, సరుకు చేతికందేలా ఉండటం ప్రాణాలను కాపాడాయి.

చట్టం హద్దు

అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు ఆనకట్టల భద్రతా చట్టాన్ని ఆమోదించింది. అది డిసెంబరు 30 నుంచి అమలులోకి వచ్చింది. వానలకు ముందు, తర్వాత తనిఖీ, అత్యవసర ప్రణాళిక, రాష్ట్ర స్థాయి భద్రతా సంస్థ వంటివి అది తప్పనిసరి చేసింది. అయితే ఆ చట్టం 15 మీటర్ల ఎత్తు దాటిన ఆనకట్టలకు వర్తిస్తుంది. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉన్నవి చట్టం కిందికి రావాలంటే, 500 మీటర్ల పొడవు, 10 లక్షల ఘనపు మీటర్ల నిల్వ వంటి షరతుల్లో ఒక్కటైనా ఉండాలి. ఊరి చెరువు కట్టలు చాలా వరకు 10 మీటర్లకు చేరవు. పట్టణాలు పెరిగి కట్ట కింద కాలనీలు వచ్చిన చోట, ఎత్తు తక్కువైనంత మాత్రాన ముప్పు తక్కువ కాదు.

ఇప్పుడు అనేక పట్టణ చెరువులు సేద్యం వదిలి నడక బాటలుగా, పడవ షికార్లుగా, ఉద్యానవనాలుగా మారుతున్నాయి. ఆహ్లాదం కోసం నీటిని నిండుగా ఉంచాలనే కోరిక మొరవను బిగించే వైపు లాగుతుంది. నీడ కోసం కట్ట మీద పెద్ద చెట్లు నాటుతారు, కొట్ల కోసం కట్ట వాలును తవ్వుతారు. సందర్శకులు ఎక్కువైన కొద్దీ కట్ట భద్రత లెక్క కూడా మారాలి. ఆయకట్టు లేకపోయినా, కింద మనుషులున్నంత కాలం అది ఆనకట్టే.

అందువల్ల చట్టం పట్టించుకోని చిన్న కట్టలకు జిల్లా స్థాయిలోనే ఏర్పాటు ఉండాలి. ప్రతి చెరువుకూ పేరున్న బాధ్యుడు, నవంబరు వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కట్ట మీద నడిచి రాసే తనిఖీ, 1883 పథకం మెమాయిర్లతో పోల్చిన తాజా కొలతలు, మొరవ దారి మీద ఆక్రమణలు లేకుండా చూసే అధికారం కావాలి. ఒకప్పుడు నీరుగంటికి కొలిచిన మేర ఈ పనికే. ఆ ఖర్చు మళ్లీ పెట్టడం ప్రభుత్వం బాధ్యత, పెట్టమని అడగడం కట్ట కింద బతికే ప్రతి ఊరి హక్కు.