788 చెరువులు: మూసీ వరద చరిత్రను ఎలా చదవాలి?

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద గురించి రాసినవాళ్లు దాదాపు అందరూ ఒకే వరసలో చెప్పుకొస్తారు. ముందు ఉత్పాతం, తర్వాత ప్రభువు దయ, ఆ తర్వాత మహా ఇంజనీరు రాక, చివరకు రెండు జలాశయాలు, సుందర నగరం. ఇందులో అబద్ధమేమీ లేదు. వరదలో సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి పరిశీలించటం, ఆయన సూచనల ఫలితంగా మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ పూర్తికావటం జరిగాయి. అయితే నిజాలను వరసగా పేర్చినంత మాత్రాన చరిత్ర కాదు. ఆ వరసను ఎవరి వైపు నిలబడి పేర్చామన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

ఆ ప్రశ్నకు ఆధారం విశ్వేశ్వరయ్య లెక్కల్లోనే దొరుకుతుందని నా అభిప్రాయం. శంషాబాదులో ఒక్క రోజులో 12.8 అంగుళాల వాన కురిసింది. అంతవరకు ప్రకృతి పని. నగరానికి ఎగువన మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులున్నాయని, అంటే సుమారు చదరపు మైలుకు ఒకటి చొప్పున ఉన్నాయని ఆయన లెక్కగట్టారు. వాటిలో 221 తెగిపోయాయి. పై చెరువు తెగి కింది చెరువు మీద పడింది. అది తెగి దాని కిందిదాన్ని తెంచింది. హైదరాబాదు మీద పడింది వాననీరు మాత్రమే కాదు. వందల ఊళ్ల చెరువులు నగరం మీదికి వచ్చాయి.

దీని అర్థం ఏమిటి? నగర రక్షణ నగరం లోపల లేదు. ఊరి చెరువు కట్ట మీద, మత్తడి మీద, తూము మీద, వాటిని కనిపెట్టుకొని ఉండే నీరడి మీద ఆధారపడి ఉంది. అర్ధరాత్రి వానలో కట్ట మీద తిరిగి, ఎక్కడ ఊట పడుతోందో చూసి ఊరిని లేపవలసిన మనిషి అతను. చాలాచోట్ల దళితుడు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఆసుపత్రి ఆవరణలో నూటయాభై మందిని కాపాడిన చింతచెట్టును నగరం ఇప్పటికీ తలుచుకుంటుంది. తల్లిని, భార్యను, కూతుర్ని ఆ వరదలో పోగొట్టుకొని బతికిన ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ తన దుఃఖాన్ని కవిత్వం చేశాడు. చెరువు తెగిన ఊళ్ల సంగతి మాత్రం నేను చదివిన నగర చరిత్రల్లో ఒక అంకెగానే మిగిలింది: 221.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. ఆ చెరువులు భూస్వామ్య వ్యవస్థలోవి కదా, కట్ట మరమ్మతు వెట్టితో జరిగింది కదా, దాన్ని కీర్తించటం పునరుద్ధరణ వాదం కాదా అని. ఈ అభ్యంతరం సమంజసమైనదే. చెరువు కింది తరి భూమి ఎవరిదో, పూడిక తీసిన చేతులు ఎవరివో తెలిసినవాళ్లెవరూ ఆ కాలాన్ని స్వర్ణయుగమనరు. కాని చెరువును కాపాడుకోవటం వేరు, చెరువు మీది దొర పెత్తనాన్ని కాపాడటం వేరు. పెత్తనంతోపాటు చెరువు కూడా పోతే, పోగొట్టుకున్నది మళ్లీ ఆ కష్టజీవే.

వరద తర్వాత జరిగిన అభివృద్ధిని కూడా ఈ దృష్టితోనే చూడాలి. రెండు జలాశయాలు నగరానికి వరద నుంచి రక్షణను, తాగునీటిని ఒకేసారి ఇచ్చాయి. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలను తొలగించి వీధులు వెడల్పు చేసింది, ఇళ్లు కట్టించింది. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి నది ఒడ్డున లేచాయి. ఇవన్నీ ఘనమైన పనులే. కాని నగరం బాగుపడాలంటే పేదవాడు జరగాలన్న సూత్రం కూడా వాటితోపాటే పాలనలో స్థిరపడింది.

మరొక మార్పు చప్పుడు లేకుండా జరిగింది. ఉస్మాన్‌సాగర్ నీళ్లు తాగుతున్నంతకాలం నగరానికి గండిపేట ఎగువనున్న ప్రతి వాగుతో స్వార్థమైనా ఉండేది. 1965లో మంజీర నీళ్లు వచ్చాయి. తర్వాత సింగూరు, 2004లో కృష్ణ, 2015లో గోదావరి. దూరపు నదుల నుంచి గొట్టాల్లో నీరు వస్తున్న కొద్దీ దగ్గరి చెరువుతో అవసరం తగ్గింది. నీరుగా అవసరం లేని చెరువు మార్కెట్టు కళ్లకు భూమిగా కనిపించింది. శిఖం భూమి ప్లాటయింది. వాగు నాలా అయింది, నాలా డ్రైనేజీ అయింది, చివరికి దాని మీద గోడ లేచింది. దీన్ని కొందరి దురాశగా మాత్రమే చెప్పి ఊరుకుంటే నీతికథ అవుతుంది. నీటి విలువ పడిపోయి నేల విలువ పెరిగిన ఆర్థిక క్రమంగా చూస్తేనే చరిత్ర అవుతుంది.

రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడిచేస్తూ 1996 మార్చి 8న 111వ ఉత్తర్వు వచ్చింది. 2022 ఏప్రిల్‌లో 69వ ఉత్తర్వు ఆ నిర్మాణ పరిమితులను ఎత్తివేసింది. జలాశయాలు ఇప్పుడు నగరానికి ప్రధాన తాగునీటి వనరు కావన్నది అందుకు చెప్పిన కారణం. 1908లో అవి ఎందుకు అవసరమయ్యాయో ఆ కారణానికి గుర్తులేదు. వాటిని తాగటానికంటే ముందు వరదను ఆపటానికి తలపెట్టారు.

2000 ఆగస్టులో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడి నగరం మునిగింది. 2020 అక్టోబరులో మళ్లీ కుండపోత. పల్లెచెరువు, గుర్రంచెరువు తెగి పాతబస్తీ దక్షిణాన కాలనీలకు కాలనీలే మునిగాయి. నూట పన్నెండేళ్ల తర్వాత కూడా ప్రాణాలు తీసింది తెగిన చెరువే. ఇకముందు ఈ ప్రమాదం పెరుగుతుందే తప్ప తగ్గదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. ఆ ఆవిరి కురిసినప్పుడు ఒక్కసారిగా కురుస్తుంది. కింద నేలంతా సిమెంటయినప్పుడు ఆ నీరు ఇంకే చోటు లేక, పారే దారి లేక ఇళ్లలోకి వస్తుంది.

అప్పుడు ‘ఆక్రమణదారు’ అనే మాట పుడుతుంది. ఈ మాటను రచయితలు జాగ్రత్తగా పరిశీలించాలి. శిఖంలో లేఅవుటు వేసి అమ్మినవాడు, దాన్ని రిజిస్టరు చేసిన కార్యాలయం, కరెంటు మీటరు బిగించి పన్ను వసూలు చేసిన యంత్రాంగం ఈ మాట పరిధిలోకి రావు. చిట్టీ ఎత్తి అరవై గజాలు కొన్నవాడు, నది ఒడ్డున రేకులు వేసుకున్న కూలీ వస్తారు. 2024 అక్టోబరులో చాదర్‌ఘాట్ దగ్గర మూసీ గర్భంలోని ఇళ్లను కూల్చివేసి, అక్కడివారిని డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లకు తరలించటం మొదలుపెట్టారు. నదిలో నివాసం ప్రమాదమే. కాదనటం ప్రజల పక్షం వహించటం కాదు. కాని ఎగువన పరీవాహక ప్రాంతాన్ని మార్కెట్టుకు విప్పి, దిగువన గుడిసెను తొలగించి, దీన్ని నది రక్షణ అంటే ఒప్పుకోవటం కష్టం. నదికి చోటు ఇవ్వటమంటే మొదట ఎగువన చోటు ఇవ్వటం. ఇళ్లలో పాచిపని చేసేవాళ్లను, బండి మీద పండ్లు అమ్మేవాళ్లను పనికి దూరంగా పంపితే, ఇల్లు దొరికినా బతుకు దొరకదు.

సాహిత్య విద్యార్థులు తరచు అడుగుతుంటారు, ఇందులో మన పనేమిటని. మన సాహిత్యంలో కరువు ఉంది, ఊరు ఉంది, భూమి కోసం పోరాటం ఉంది. నగరంలో నీటి చరిత్రను మాత్రం మనం ఇంజనీర్లకు, రెవెన్యూ శాఖకు వదిలేశాం. బస్తీ పేర్లలో ఇంకా చెరువులున్నాయి, కుంటలున్నాయి. మాసబ్ ట్యాంకులో ట్యాంకు లేదు. ఆ పేరు వెనక నీరు ఎటు పారేదో, ఎవరి చేతులు తూము ఎత్తేవో, ఎవరి పొలం తడిసేదో చెప్పగల ముసలివాళ్లు తగ్గిపోతున్నారు. పహాణీలు వెతకటం, వాళ్ల మాటలు రాసిపెట్టటం, నాలా వెంట కాలినడకన పోయి చూడటం రచయిత చేయదగ్గ పనులే. 221 అనే అంకె వెనక ఉన్న ఊళ్ల పేర్లతో మొదలుపెట్టవచ్చు.