గృహవిద్యలో చలనచిత్రాలు, టెలివిజన్

పిల్లలను బడికి పంపక తల్లిదండ్రులే ఇంటివద్ద చదువు చెప్పే పద్ధతిని గృహవిద్య అంటారు. అమెరికాలో 1993 నాటికి అన్ని రాష్ట్రాలలోనూ ఇది చట్టబద్ధమైనది. భారతదేశంలో ఇలా చదివినవారు జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చును. ప్రయోగశాల, నక్షత్రశాల వంటివి ఇంట్లో ఉండవు కనుక దృశ్యమాధ్యమాలు ఆ లోటును కొంత తీరుస్తాయి. కార్ల్ సేగన్ సమర్పించిన 13 భాగాల కాస్మోస్ (1980) ఖగోళశాస్త్రానికి మంచి ప్రవేశిక.

కథాచిత్రాల వినియోగం

కథాచిత్రాన్ని పాఠ్యపుస్తకంగా తీసుకొనరాదు. కె.వి.రెడ్డి దర్శకత్వం వహించిన మాయాబజార్ (1957) చూసి పెరిగిన తెలుగువారిలో శశిరేఖా పరిణయం మహాభారతంలోనిదే అని నమ్మేవారు నేటికీ ఉన్నారు. వ్యాసభారతంలో ఆ కథ లేదు. అందులో అభిమన్యుడు వివాహమాడినది విరాటరాజు కుమార్తె ఉత్తరను. అంతమాత్రాన చిత్రానికి విలువ తగ్గదు, పైగా పాఠానికి ఇదే అదను. చిత్రం చూపిన మరునాడు విరాటపర్వంలోని ఆ వివాహ ఘట్టం చదివిస్తే మూలమేదో, కల్పన ఏదో పిల్లలే వేరుచేయగలరు. చిత్రాన్ని ఒకే విడతలో చూపనక్కరలేదు. ఒక సన్నివేశం వద్ద ఆపి, తరువాత ఏమి జరుగునో వ్రాయమనవచ్చును. తెలుగు వ్యాసరచనకు ఇంతకన్న సులువైన అభ్యాసం అరుదు.

టెలివిజన్ చూసేటప్పుడు పెద్దలు పక్కన ఉండడం ముఖ్యం. 1969లో అమెరికాలో మొదలైన సెసమీ స్ట్రీట్ నిర్మాతలు, తల్లిదండ్రులు కూడా పిల్లలతో కూర్చొని చూడాలనే ఉద్దేశంతోనే అందులో పెద్దలు నవ్వుకొనే హాస్యాన్ని చేర్చారు.