దొప్పలో పోసిన కల్లుకి తీర్పు చెప్పేది ఎవరు?

ఈసారి పోస్టు పెద్దది, ఓపిగ్గా చదవండి.

బ్రాడీపేటలో రూములు తీసుకుని గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదువుకునే మనలో చాలామందికి ఈ మాట కొత్త కాదు. మనది ఏజెన్సీ అని తెలియగానే పక్క రూము అబ్బాయి అంటాడు: "మీ ఊళ్ళో ఇప్పసారా దొరుకుద్దంట కదా, ఈసారి వచ్చేటప్పుడు ఓ సీసా పట్రా." అతనికి సరదా. మనకి నవ్వాలో కోప్పడాలో తెలీదు. ఆ సీసా వెనక ఒక పెద్ద తిరుగుబాటు, నూటయాభై ఏళ్ళ కేసులు ఉన్నాయని ఆ పిల్లాడికి ఎవరూ చెప్పలేదు. మన పాఠ్యపుస్తకాల్లోనూ రెండు లైన్లకి మించి లేదు. అందుకే రాస్తున్నాం.

ముందు వేరే దేశం సంగతి. అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడం ఒక హాబీ. వారమంతా ఉద్యోగం చేసుకుని, ఆదివారం గ్యారేజీలో బార్లీ మొలకల పిండి ఉడకబెట్టి, ఈస్టు కలిపి, కొన్ని వారాలు ఆగి, సీసాల్లో పోసి తోటి హాబీవాళ్ళ దగ్గరకి తీసుకెళ్తారు. వాళ్ళు తాగి ఊరుకోరు. కాగితం మీద మార్కులు వేస్తారు. 1985లో మొదలైన బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ అనే సంస్థ ఆ కాగితాన్ని తయారుచేసింది: వాసనకి 12, చూపుకి 3, రుచికి 20, నోట్లో ఆనే తీరుకి 5, మొత్తమ్మీద ఎలా ఉందో దానికి 10. కలిపితే 50. మార్కుల పక్కన ఎందుకు తగ్గించారో, వచ్చేసారి ఏం మార్చుకోవాలో రాస్తారు. చేసినవాడు ఆ కాగితం ఇంటికి తీసుకెళ్ళి మళ్ళీ కాస్తాడు.

ఇదంతా అక్కడ కూడా ఎప్పటినుంచో ఉన్న హక్కేం కాదు. 1978 అక్టోబర్ 14న జిమ్మీ కార్టర్ సంతకం పెట్టాకే ఇంటి బీరుకి ఫెడరల్ పన్ను మినహాయింపు వచ్చింది. ఒక మనిషికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళుంటే 200. గ్యాలన్ అంటే మన లెక్కలో మూడు ముప్పావు లీటర్లు. ఇంగ్లండులో లైసెన్సు 1963లో తీసేశారు. అమ్మకూడదు, కాచుకుని తాగొచ్చు, నలుగురికీ పోయొచ్చు. (బట్టీ పెట్టి సారా దించడం మాత్రం అమెరికాలో ఆ చట్టం తర్వాత కూడా నేరంగానే ఉండిపోయింది. పులిసింది వేరు, దించింది వేరు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ వస్తుంది.)

ఇప్పుడు మన కొండలకి వద్దాం.

మన దగ్గర బీరుకి అచ్చంగా దగ్గరిది లందా. కోరాపుట్ వైపు, మన సరిహద్దు గ్రామాల్లో గదబ, పోరజ ఇళ్ళల్లో బియ్యప్పిండీ మొలకెత్తిన గింజల పిండీ కలిపి కుండలో పులియబెడతారు. గింజ మొలకెత్తితే దానిలోని పిండిపదార్థం తీపిగా మారుతుంది, ఆ తీపిని ఈస్టు సారంగా మారుస్తుంది. అమెరికా గ్యారేజీలో జరిగేదీ ఇదే పని. ఇక రంప, చింతూరు, పాపికొండల వైపు అయితే జీలుగు కల్లు. బస్తరులో దీన్నే సల్ఫీ అంటారు.

జీలుగు చెట్టు చాలా ఏళ్ళు పెరిగాక గానీ గెల వేయదు. గెలలు పైనుంచి కిందకి ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, ఆఖరి గెల అయిపోతే చెట్టు చచ్చిపోతుంది. అందుకే జీలుగు చెట్టు ఉన్న ఇంటికి ఆ చెట్టు ఆస్తి లాంటిది. పొద్దునా సాయంత్రం గెల కొసని పల్చగా గీసి కుండ కడతారు. అప్పుడే దించిన కల్లు తియ్యగా ఉంటుంది, పిల్లలకీ పోస్తారు. ఎండెక్కేకొద్దీ కుండలో అడుగున ఉన్న పాత మడ్డిలోని ఈస్టు పనిచేసి ఘాటెక్కుతుంది. మర్నాటికి పులుపు, ఆ తర్వాత వెనిగరే. ఇది తాగుడు సరుకు మాత్రమే కాదు. 1941 ప్రాంతంలో పాపికొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగిన హైమెండార్ఫ్ తన పుస్తకంలో (1945లో వచ్చింది) తిండిగింజలు అయిపోయిన రోజుల్లో జీలుగు కల్లే వాళ్ళ కడుపు నింపేదని రాశాడు. ఎండాకాలంలో అది గంజితో సమానం.

కుండ దిగాక ఏం జరుగుతుంది? అడ్డాకు దొప్పలు కుడతారు. మొదటి చుక్కలు నేలకి, పెద్దలకి. తర్వాత వయసులో పెద్దాయనకి. ఆయన ఒక గుక్క తాగి మాట చెప్తాడు. ఆ మాటల్లో మొహమాటం ఉండదు. కుండ కడగలేదా అంటాడు. గెల మందంగా గీశావు అంటాడు. నీళ్ళు కలిపావా అని నవ్వుతాడు. చీమలు పడ్డాయి, నిన్నటిది ఇవాళ్టిదానిలో పోశావు, వానకి తడిసింది, ఇలా ఒక్కొక్కటీ. గీసినవాడు వాదించడు, వింటాడు. మర్నాడు కుండ మార్చి పొగ పట్టి కడతాడు. బస్తరు, కోరాపుట్ సంతల్లోనూ ఇదే పద్ధతి. అమ్మే ఆడమనిషి ముందు దొప్పలో కాస్త పోసి రుచి చూపిస్తుంది, నచ్చితేనే కొంటారు. ఇప్పసారా అయితే ఇంకో పరీక్ష కూడా ఉంది. కొంచెం నిప్పులో పోస్తారు. భగ్గుమంటే మొదటి ధార, చప్పబడితే నీళ్ళు.

మార్కుల కాగితం లేదు, 50కి ఎన్నో ఎవరూ చెప్పరు. కానీ పని అదే. చేసినవాడు, తాగినవాడు, తీర్పు చెప్పినవాడు ముగ్గురూ ఒకే గూడెం మనుషులు. తాగినవాడు చెప్పిన మాట గీసినవాడి చేతిలోకి వెళ్తుంది. ఈ గొలుసునే సర్కారు తెంపింది. మా ఉద్దేశంలో అసలు చరిత్ర అక్కడుంది.

రంప కొండల మీద అప్పట్లో ఒక మన్సబుదారు ఉండేవాడు, అతని కింద ముఠాదారులు. మన్సబుదారు కల్లు మీద పన్ను వేశాడు. దాని పేరు చిగురుపన్ను. పేరు చూడండి, చెట్టు చిగురు మీద పన్ను! అది చాలదన్నట్టు 1870లలో కొత్త ఆబ్కారీ పద్ధతి వచ్చింది. సొంతానికి కల్లు గీసుకోవడం కూడా కుదరదు, కల్లు హక్కు వేలంలో కాంట్రాక్టరుది. మైదానం నుంచి వచ్చిన ఆ కాంట్రాక్టర్లు చిగురుపన్నుకి తోడు మొదలుపన్ను అని ఇంకొంత గుంజారు. వాళ్ళకి అండగా పోలీసులు, వాళ్ళ వెనకే అప్పులిచ్చి కోర్టు కాగితాలతో పశువుల్ని తోలుకుపోయే వర్తకులు. మీ పెరట్లో మీ తాత చూసుకున్న చెట్టు ఉంది, గెల వేసింది, మీరు గీయకూడదు. గీస్తే దొంగ. తాగాలంటే కాంట్రాక్టరు దగ్గర కొనాలి. ఎలా ఉందో చెప్పే పెద్దాయన మాటకి ఇక విలువేముంది? బాగోలేకపోతే కుండ మార్చమని ఎవరికి చెప్తాడు?

1879 మార్చిలో తిరుగుబాటు మొదలైంది. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్‌రెడ్డి, ఈ పేర్లు మనకి నోటికి రావాలి. చంద్రయ్య మనుషులు అడ్డతీగల పోలీస్ స్టేషన్ తగలబెట్టారు. సుమారు 5000 చదరపు మైళ్ళు అంటుకుంది. అణచడానికి మద్రాసు పదాతి దళం రెజిమెంట్లే ఆరు దించారు, గుర్రపు దళం, నిజాం వైపు నుంచి బలగాలు వేరే. చంద్రయ్య, తమ్మన్నదొర 1880లో చనిపోయారు. చాలామందిని అండమాన్ పంపారు. చివరికి ప్రభుత్వం మన్సబుదారుని తీసేసి ముఠాదారులతో నేరుగా ఒప్పందాలు రాసుకుంది, చిగురుపన్ను ఎత్తేసింది. అంటే కొండ మనుషులు చెప్పింది నిజమేనని సంతకం పెట్టినట్టే కదా.

కాంట్రాక్టరు కల్లు రుచి నచ్చక తిరగబడ్డారని మేము అనడం లేదు. పన్ను, పోలీసు, భూమి, అప్పు అన్నీ ఉన్నాయి. కానీ కల్లుని "చిన్న విషయం" అని పక్కన పెట్టి రాసే చరిత్ర కూడా తప్పే. తిరగబడ్డవాళ్ళకి అది చిన్న విషయం కాదు.

రంపలో పన్ను పోయినా పద్ధతి మిగతా చోట్లకి పాకింది. 1886లో మద్రాస్ ఆబ్కారీ చట్టం. 1892లో బొంబాయి వైపు ఇప్పపువ్వు చట్టం, పువ్వు ఏరి దాచుకోవడం మీదే ఆంక్షలు. సారా నాణ్యత ఇప్పుడు పెద్దాయన నాలుక కాదు, ఎక్సైజు ఇన్‌స్పెక్టరు గాజు గొట్టం చెప్తుంది. ఎంత ఘాటు, దానికి ఎంత పన్ను, అంతే లెక్క. ఇప్పటికీ మన బ్రాందీ సీసాల మీద కనిపించే 42.8 శాతం అనే వింత అంకె ఆ ఇంగ్లీషు ప్రూఫ్ లెక్క నుంచి వచ్చిందే, 25 డిగ్రీల అండర్ ప్రూఫ్ అంటే అంత. ఆ గొట్టం రుచి చెప్పదు. కుండ కడిగారో లేదో చెప్పదు.

ఇక్కడ ఒక చిక్కుంది, దాటేయకూడదు. అదే మన్యంలో 1922లో తిరుగుబాటు లేపిన అల్లూరి సీతారామరాజు అంతకు ముందు ఊరూరా తిరిగి తాగుడు మానమని, తగాదాలు పంచాయతీల్లో తీర్చుకోమని చెప్పాడు. 1879లో కల్లు కోసం పోరాడిన కొండలే అవి. రెండూ విరుద్ధం అనిపిస్తుంది. మాకలా అనిపించదు. సర్కారు సారాకి మన డబ్బు పోకూడదు, సర్కారు కోర్టుకి మన తగాదా పోకూడదు అన్నాడు. రెండు చోట్లా అడిగింది నిర్ణయం మన చేతిలో ఉండాలనే.

స్వాతంత్ర్యం తర్వాత సంగతి తొందరగా చెప్తాం. మద్రాసు మద్యనిషేధం ఆంధ్రకీ వారసత్వంగా వచ్చింది, కల్లుగీత కార్మికుల ఆందోళన నడిచింది, 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం గారి ప్రభుత్వమే ఈ మద్యనిషేధం గొడవ మీద అవిశ్వాసంలో పడిపోయింది. ఏ పెద్దమనిషి పేరు ఒక జిల్లాకి ఉందో ఆయన కుర్చీ కల్లు దగ్గర పోయింది! 1980లలో వారుణి వాహిని పేరుతో సర్కారే సారా ప్యాకెట్లు అమ్మింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు లేచారు, 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, రెండేళ్ళకి సడలింపు. ఆ అమ్మల పోరాటం ప్యాకెట్ సారా మీద. దాన్ని మన కుండ మీద పోరాటంగా చూపించి గూడేల్లో కేసులు పెట్టడం అన్యాయం. అలాగని మన కుండకి పాపం అంటదనీ మేము అనం. నల్లబెల్లం, పటిక వేసి తండాల్లో దించే నాటుసారా ఎంతమంది తండ్రుల్ని తీసుకుపోయిందో మన సుగాలి అన్నదమ్ములకి తెలుసు. అది అమ్మకం సరుకు. కొనేవాడు ఎవరో తెలీదు, వాడేమన్నాడో దించినవాడికి చేరదు, తెల్లారేలోపు అమ్ముడుపోతే చాలు. దొప్ప దగ్గర మాట చెప్పే మనిషి లేని చోట సరుకు విషం అవుతుంది.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి, పరీక్షలకీ పనికొస్తుంది. 1975లో కేంద్రం గిరిజన ప్రాంతాల ఎక్సైజు విధానం మీద మార్గదర్శకాలు ఇచ్చింది: గిరిజన ప్రాంతాల్లో వ్యాపార మద్యం దుకాణాలు తీసేయండి, సొంత వాడకానికి, పండగలకి ఇంట్లో చేసుకునేదాన్ని ఆపకండి అని. 1996 పెసా చట్టం సెక్షన్ 4(ఎం)లో మొదటి అంశమే మత్తు పదార్థాల నిషేధం, నియంత్రణ అధికారం. అది గ్రామసభకీ పంచాయతీకీ ఇవ్వాలని రాసుంది. మన రాష్ట్రంలో దానికి రూల్స్ 2011లో వచ్చాయి. అంటే షెడ్యూల్డు ఏరియాలో వద్దనాలన్నా, ఎంత చేసుకోవాలో చెప్పాలన్నా గ్రామసభకి నోరుంది. గుంటూరు, పల్నాడు తండాలు, యానాది కాలనీలు ఐదో షెడ్యూలులో లేవు కాబట్టి వాళ్ళకి ఈ గొడుగు లేదు. ఒకే పని చేసిన ఇద్దరు అమ్మలకి చోటుని బట్టి రెండు న్యాయాలు.

ఇంతలో బయట గాలి మారింది. గోవా ఫెనీకి 2009లో జీఐ గుర్తింపు, అస్సాం దిమాసా తెగ వాళ్ళ బియ్యం పానీయం జుడిమాకి 2021లో. మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఆదివాసీ సంఘాలు తీసే ఇప్పసారాని హెరిటేజ్ లిక్కర్ అని సీసాలో పెట్టింది. రేపు జీలుగు కల్లుకీ ఎవరో ఒకరు లేబుల్ వేస్తారు. అప్పుడు రుచి చూసే టేబుల్ దగ్గర ఎవరు కూర్చుంటారు, ఏ భాషలో మార్కులు వేస్తారు? "ఫ్రూటీ", "ఫ్లోరల్" అని హైదరాబాదు మనిషి రాస్తే మన పెద్దాయన మాట ఎక్కడికి పోవాలి?

అందుకని ఒక పని పెడుతున్నాం. తాగమని కాదు, ఎవరూ అపార్థం చేసుకోవద్దు, పరీక్షలు ముందున్నాయి. సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు తాతనీ అవ్వనీ అడగండి. పొద్దుటి తీపి కల్లుని ఏమంటారు, మధ్యాహ్నందాన్ని ఏమంటారు, పులిసి పాడైనదాన్ని ఏమంటారు, మొదటి ధారకీ ఆఖరి ధారకీ పేర్లేమిటి, బాగోలేదని గీసినవాడి మొహం మీద ఎలా చెప్తారు. కోయ, కువి, సవర, గదబ, లంబాడీ, ఏ భాషైతే ఆ భాషలోనే, తెలుగు లిపిలో రాసి, ఊరి పేరు వేసి ఈ పోస్టు కింద పెట్టండి. చింతూరు, మారేడుమిల్లి వాళ్ళు జీలుగు మాటలు, అరకు వాళ్ళు లందా మాటలు, దోర్నాల చెంచు తమ్ముళ్ళు ఇప్పపువ్వు మాటలు. వచ్చినవన్నీ తెగల వారీగా ఒక పట్టికలో చేర్చి ఇక్కడే పెడతాం. ఇంట్లోవాళ్ళ పేర్లు, ఫొటోలు మాత్రం పెట్టొద్దు, ఎక్సైజు వాళ్ళూ చదువుతారు.