ముక్కుపురుగు

బియ్యం చేటలో పోసి చెరిగితే బయటపడే ముదురు గోధుమరంగు పురుగు ఇది. పొడవు మహా అయితే 3, 4 మిల్లీమీటర్లు. తల ముందుభాగం సన్నగా సాగి ఉంటుంది, ఆ పేరు దానివల్లే. పక్షికి ఉన్నదాన్నీ ముక్కే అంటాం కాబట్టి మాట చక్కగా అతికింది. అయితే వాసన పట్టేవి మీసాలు. ఈ ముక్కు కొసన ఉన్నది నోరు. ఆడపురుగు దాంతోనే గింజను తొలిచి, గుడ్డు పెట్టి, జిగురుతో రంధ్రం మూస్తుంది.

శాస్త్రనామం సైటోఫిలస్ ఒరైజే. గ్రీకులో సైటోస్ అంటే ధాన్యం, ఫిలోస్ అంటే ప్రియమైనది. ‘వరికి చెందిన’ అనే అర్థంలో ఒరైజే అన్నది 1763లో లిన్నేయస్. పండితులు తిండిని బట్టి పిలిస్తే, మనవాళ్లు ఒంటి తీరును బట్టి పిలిచారు.

చిలగడదుంపను తొలిచేదీ ముక్కుపురుగే. అందుకే జాతిని తేల్చడానికి మరికొన్ని గుర్తులు కావాలి: గట్టి ముందురెక్కల మీద నాలుగు ఎర్రటి మచ్చలు, మోచేయిలా వంగిన మీసాలు. మొక్కజొన్న ముక్కుపురుగుకూ ఇవే ఉంటాయి. అప్పుడు మగపురుగు జననాంగాన్ని సూక్ష్మదర్శినిలో చూడాలి. బియ్యపు పురుగుకు దాని పైభాగం నునుపు. మొక్కజొన్న పురుగుకు రెండు గాళ్లుంటాయి.