తెగింది సర్వర్ కాదు, దారి

పాలకుర్తిలో ఏ బ్యాంకుకో, మీసేవకో పోయి నిలబడితే ఎప్పుడో ఒకనాడు ఆ మాట చెవిన పడుతుంది: "సర్వర్ డౌన్ ఉంది, రేపు రండి." వడ్ల పైసల కోసం బమ్మెర నుంచో, వల్మిడి నుంచో వచ్చిన రైతుకు ఒక రోజు పని పోయినట్టే. చాలాసార్లు ఎక్కడో ఉన్న ఆ సర్వర్ నిక్షేపంగా నడుస్తూనే ఉంటుంది. రోడ్డు పనిలో జేసీబీ తగిలి మధ్యలో తీగ తెగుతుంది. ఆ దారి పుట్టుక తెలిస్తే దీనికి మందు ఎక్కడుందో తెలుస్తుంది.

ఒకప్పుడు బ్యాంకు శాఖకు దాని లెడ్జర్లే లోకం. దేశంలోని బ్యాంకులను ఒక నెట్‌వర్క్ మీదికి తెచ్చే పెద్ద పని మన హైదరాబాదులోనే జరిగింది. రిజర్వు బ్యాంకు 1996లో ఇక్కడ నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ, 1999లో ఇన్ఫినెట్ అనే ఆ నెట్‌వర్క్‌ను ప్రారంభించింది. మొదట్లో అది ఉపగ్రహం మీదే ఆధారపడింది. మేడ మీద వీశాట్ గొడుగు నుంచి బయల్దేరిన సంకేతం సుమారు 36,000 కిలోమీటర్లు పైకి పోయి, మళ్లీ అంత దూరం దిగిరావాలి. ఒక ప్రశ్నకు జవాబు రావడానికి అర సెకను. వినడానికి తక్కువే. కానీ ఒక్క లావాదేవీలో ఇలాంటి ప్రశ్నలు పదుల్లో ఉంటే కౌంటరు ముందు వరుస పెరిగిపోతుంది.

తర్వాత నేల మీద లీజు లైన్లు, వాటి వెనుక ఎంపీఎల్ఎస్ వచ్చాయి. పార్సిల్ మూటకు ఊరి పేరు చీటీ అంటించినట్టు ఇందులో ప్రతి డేటా పొట్లానికీ ఒక చీటీ ఉంటుంది. దారిలోని రౌటర్లు చిరునామా అంతా వెతక్కుండా చీటీ చూసి ముందుకు పంపిస్తాయి. 2001 జనవరిలో దీని ప్రమాణం వెలువడింది. నమ్మకమైనదే, కానీ ఖరీదైనది. పైగా శాఖల రాకపోకలన్నీ ప్రధాన కార్యాలయం గుండానే సాగేలా అల్లడం అలవాటైంది. వ్యాపారాల సాఫ్ట్‌వేర్ క్లౌడ్‌కు మారాక అది, పాలకుర్తి నుంచి తొర్రూరు పోవడానికి హైదరాబాదు చుట్టి వచ్చినట్టయింది.

మలుపు పరిశోధనశాలలో మొదలైంది. అప్పటిదాకా ఏ రౌటర్ నిర్ణయం దానిదే. దారి నిర్ణయించే బుద్ధిని పెట్టెల్లోంచి తీసి ఒకచోట సాఫ్ట్‌వేర్‌లో పెట్టాలన్న ఆలోచనకు ఊతమిచ్చిన ఓపెన్‌ఫ్లో పత్రం 2008లో వచ్చింది. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు నిక్ మెక్యోన్ దాని రచయితల్లో ఒకరు. గూగుల్ తన డేటా కేంద్రాల మధ్య ఈ పద్ధతినే నడిపి, 2013లో వివరాలు ప్రకటించింది. మామూలుగా 30-40 శాతమే వాడుకునే లైన్లలో చాలావాటిని దాదాపు నిండుగా వాడగలిగామని చూపించింది.

అంత పెద్ద సంస్థ చేసింది చిన్న శాఖకు అందాలి కదా! 2012లో అమెరికాలో పుట్టిన విప్టెలా, వెలోక్లౌడ్, వెర్సా ఆ పని పట్టుకున్నాయి. సాఫ్ట్‌వేర్ నడిపే ఇలాంటి నెట్‌వర్క్‌కు ఎస్‌డీ-వాన్ అన్న పేరు వ్యాపారంలో స్థిరపడింది. 2017లో విప్టెలాను సిస్కో 61 కోట్ల డాలర్లకు కొన్నది.

ఎస్‌డీ-వాన్‌లో శాఖకు ఒక చిన్న పెట్టె వస్తుంది. దానికి ఒక ఫైబర్ లైను, ఒక 4జీ సిమ్ తగిలించవచ్చు. ఏ దారిలో ఆలస్యం ఎంత, ఎన్ని పొట్లాలు రాలిపోతున్నాయి అన్నది అది అదే పనిగా కొలుస్తూ, డబ్బు లావాదేవీని మంచి దారిన, కెమెరా దృశ్యాలను మిగిలిన దారిన పంపుతుంది. ఒక లైను తెగితే రెండోదాని మీదికి క్షణాల్లో మారుతుంది. డేటా సంకేతలిపిలోనే పోతుంది కాబట్టి మామూలు ఇంటర్నెట్‌నూ వాడుకోవచ్చు. వంద శాఖలకు ఒక నియమం మార్చాలంటే ఇంజనీరు వంద ఊళ్లు తిరగక్కర్లేదు. పెద్ద నగరానికి ఇది ఖర్చు తగ్గించే ఉపాయం కావచ్చు. నా దృష్టిలో దీని అసలు విలువ మండల కేంద్రాల్లో ఉంది. ద్విపదకు కావ్య గౌరవం తెచ్చిన పాల్కురికి సోమనాథుడి ఊరిలో, రెండు పాదాలుంటేనే పద్యం నిలబడుతుందని వేరే చెప్పాలా?

అయితే పెట్టె ఎంత తెలివైనదైనా, రెండు లైన్లూ ఒకే కందకంలో ఉంటే జేసీబీ పంటికి రెండూ ఒకేసారి పోతాయి. మన తెలంగాణలో ప్రభుత్వ ఫైబర్ నెట్‌వర్క్ టీ-ఫైబర్‌ను మిషన్ భగీరథ నీటి గొట్టాల వెంట వేసే పథకం పెట్టుకున్నారు. తవ్వకం ఖర్చు తగ్గే మంచి ఆలోచన అది. కానీ రెండో లైను కూడా ఆ గట్టునే వస్తే లాభం లేదు. అందుకే దుకాణానికో, జిన్నింగు మిల్లుకో, బ్యాంకు శాఖకో రెండో లైను తీసుకునే ముందు వేగం ఎంత, ధర ఎంత అని అడిగి ఊరుకోకండి. అది ఏ దారిన మీ గుమ్మందాకా వస్తుందో కూడా అడగండి.